కొమ్మో, కొమ్ములో తెలియాలె

"నువ్వు మీవాడికి దూరం అమ్మినవు, వెలుతురు అమ్మలేదు." టెక్సాస్‌ల వేట సామాన్ల కొట్టు కౌంటర్ వెనక, ముసలాయన నాతోని అన్న మాట ఇది. కొనుక్కపోయింది మన మిర్యాలగూడ దిక్కు పిల్లగాడు. పట్టుకపోయింది అగ్గువకు దొరికిన 6-24×50 స్కోప్, అంటే తుపాకి మీద బిగించే దుర్బిణి: 6 నుంచి 24 రెట్ల దాకా పెద్దగ చూపే పవర్, 50 ఎంఎం ముందు అద్దం. మాట మండింది గని, లెక్క తీస్తే ముసలాయనదే కరెక్టు.

మనోళ్లు ముందు అడిగేది ఒక్కటే: "అన్నా, ఎంత దూరం లాగుతది?" మూడు హెచ్‌పీ సరిపోయే బోరుకు ఐదు హెచ్‌పీ దించే అలవాటు మనది. తెలివి లేక కాదు. వోల్టేజీ సరిగ రాని ఊర్లల్ల పొలం ఎండుతుంటే మోటారైనా పెద్దది ఉండాలనిపిస్తది. తప్పు పట్టెటోడు ఒక్క ఎండకాలం నల్గొండల ఎవుసం చేసి చూడాలె. అయితే ఆ లెక్క అద్దాలకు నడవదు.

ముందు అద్దం వెడల్పును పవర్‌తోని భాగిస్తే కంటికి చేరే వెలుతురు చుక్క సైజు మిల్లీమీటర్లల్ల తేలుతది. దాన్నే ఎగ్జిట్ ప్యూపిల్ అంటరు. 3-9×40ని 6 మీద పెడితే 6.7, 9 మీద 4.4. అదే 50 ఎంఎం అద్దాన్ని 24 మీద పెడితే 2.1. మసక చీకట్ల పడుచోళ్ల కంటిపాప ఆరేడు మిల్లీమీటర్లు తెరుచుకుంటది, యాభై దాటినోళ్లకు ఐదు దగ్గర ఆగుతది. రెండు మిల్లీమీటర్ల చుక్క వస్తే బొమ్మ పెద్దగనే ఉంటది, గని నల్లగ ఉంటది. ఇక్కడ జింకను కొట్టనిచ్చేది పొద్దు పొడిచేటందుకు అరగంట ముందు నుంచి పొద్దుగూకినాక అరగంట దాకా. అవి ఎక్కువగా బయటికొచ్చేది కూడా ఆ మసకలనే.

తక్కువ పవర్ నంబరు సంగతి ఎవ్వరూ అడగరు. 3 మీద 100 గజాల కాడ 30 అడుగుల పైనే వెడల్పు కనబడతది. (గజాలంటే మనకు ప్లాట్లే యాదికొస్తయి, ఇక్కడ దూరాన్ని గజాలల్లనే కొలుస్తరు.) 6 మీద దాంట్ల సగమే. తుప్పల్ల ఉరికే పందిని ఆ సందుల నుంచి దేవులాడేలోపు అది పక్క కౌంటీల (మన జిల్లా లాంటిది) ఉంటది.

స్కోప్, దాన్ని తుపాకికి పట్టి ఉంచే రింగులు, తూటాలు అన్నీ కలిపి 400 డాలర్లు అనుకుంటే, స్కోప్‌కు 250 దాటొద్దు. ఆ చుట్టుపక్కల ధరల వోర్టెక్స్, బర్రిస్, ల్యూపోల్డ్ లాంటి కంపెనీల 3-9×40లు చూడొచ్చు. వోర్టెక్స్ వారంటీ రశీదు లేకున్నా, సెకండ్ హ్యాండ్‌ల కొన్నా చెల్లుతది, అందుకే పాతది దొరికినా భయం లేదు. పెట్టె మీద 'ఫుల్లీ మల్టీ-కోటెడ్' అని చదువుకోవాలె. ఉత్త 'కోటెడ్' అంటే ఏదో ఒక అద్దానికి ఒక్క పూత వేసినట్టు. ఐ రిలీఫ్, అంటే కంటికీ స్కోప్‌కూ నడుమ ఉండాల్సిన దూరం, మూడున్నర అంగుళాలకు తగ్గొద్దు. .30-06 లాంటి గట్టి తూటా తుపాకి వెనక్కి తన్నితే స్కోప్ అంచు కనుబొమ్మను చీరుతది.

వీసా మీదున్నోళ్లు ఈ ఒక్క ముక్క జాగ్రత్తగ వినాలె. హెచ్-1బీ లాంటి వీసాల మీద వచ్చినోళ్లు తుపాకి పట్టొద్దని ఫెడరల్ చట్టం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. టెక్సాస్‌ల సొంత భూములల్ల యజమాని ఒప్పుకుంటే అడవి పందికి లైసెన్సు అక్కర్లేదు నిజమే, గని తుపాకి పట్టేటందుకు మీకు కావాలె. మన పాలమూరుల పందులకు భయపడి పల్లి చేను చుట్టూ చీరలు కట్టుకుంటం, ఇక్కడ పందిని కొట్టినోడికి రైతు థ్యాంక్స్ చెప్తడు.

పైసలు మిగిలించుకోవాలని రింగుల దగ్గర పిసినారితనం చేస్తే మొత్తం గంగల కలుస్తది. స్కోప్ గొట్టం ఒక అంగుళమా, 30 ఎంఎమ్మా చూసి దానికి తగ్గ రింగులే కొనాలె. రింగు స్క్రూలను బిగించే బలం (టార్క్) సాధారణంగా 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు. కంపెనీ వేరే చెప్తే అదే వేదం. వాటికి నూనె రాయొద్దు. నూనె ఉంటే అదే టార్క్‌కు స్క్రూ ఎక్కువ బిగుసుకొని గొట్టం నొక్కుకపోతది.

సున్నా పెట్టుడు, అంటే గురి పెట్టిన కాడనే గుండు పడేటట్టు స్కోప్‌ను సరిచేసుడు, 25 గజాల నుంచి మొదలు. బోల్ట్ తీసి, బ్యారెల్ల నుంచి టార్గెట్‌ను చూసి, స్కోప్‌ల కనబడే గీతల్ని దాని మీదికి తేవాలె. తర్వాత మూడు గుండ్లు. స్కోప్ మీది మరను ఒక్కసారి టక్కుమనిపిస్తే ఒక క్లిక్; ఎంఓఏ అంటే కోణం కొలత. పావు ఎంఓఏ క్లిక్ 100 గజాల కాడ పావు అంగుళం జరుపుతది, 25 కాడ అంగుళంల పదహారో వంతే. అంటే ఒక అంగుళానికి 100 గజాలకు 4 క్లిక్కులు, 25కు 16. చాలామంది తప్పేది ఇక్కడనే: 25 కాడ నాలుగే తిప్పి, స్కోప్ చెడిపోయిందని తిరిగి తెస్తరు. గుండ్లు ఒక్కకాడ పడకుంటే ముందు బేస్ (రింగుల కింద తుపాకికి బిగించే పట్టీ) స్క్రూలు చూడాలె. అవి బాగుంటే ముందు ఒక గుండు కొట్టి, 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకు తిప్పుకుంట ఒక్కో గుండు కొట్టాలె. 100 గజాల కాడ ఐదంగుళాల చదరం వచ్చి, ఆఖరు గుండు మొదటి దాని పక్కకు రావాలె. రాకుంటే రిటర్న్ గడువు లోపలనే తిరిగియ్యండి.

కొట్టు లైట్ల కింద ప్రతి అద్దం మెరుస్తది. పొద్దుగూకే యాళ్లకు పోయి, అడిగి, రెండు స్కోపుల్ని గుమ్మం బయటికి పట్టుకురండి. రెంటినీ 6 మీదనే పెట్టి రోడ్డు అవతలి చెట్టు నీడలోకి చూడండి. చాలా కౌంటీలల్ల మగ జింకను కొట్టాలంటే దానికి ఒక కొమ్ము అయినా చీలకుండా ఉండాలె, లేదంటే కొమ్ముల నడుమ 13 అంగుళాలు ఉండాలె. ఆ నీడల చిన్న పుల్లలు విడివిడిగా కనబడిన స్కోప్‌లనే, రేపు కనబడింది కొమ్మో, కొమ్ములో తెలుస్తది.