ఎండాకాలపు బెంగ

నిన్న సాయంత్రం నారాయణగూడలోని ఒక ఇరానీ హోటల్లో ముగ్గురం కూర్చుని అమెరికన్ గాయని లానా డెల్ రే పాటల మీద రెండు గంటలు వాదించుకున్నాం. 2012లో వచ్చిన ‘బోర్న్ టు డై’ ఆల్బమ్ గొప్పదని నేను, కాదు 2014 నాటి ‘అల్ట్రావయొలెన్స్’ అని స్నేహితురాలు. వయొలిన్ల హోరు తగ్గి గిటార్లు ముందుకు వచ్చాకే ఆ గొంతులోని అలసట వినిపించిందట. ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ, మాట నిజమే.

అసలు గొడవ ‘సమ్మర్‌టైమ్ శాడ్‌నెస్’ అనే పాట దగ్గర. ఆ శాడ్‌నెస్‌ను తెలుగులో ఏమనాలి? విచారం అన్నాను. “అది నాయకులు వ్యక్తం చేసేది” అని కొట్టిపారేసింది. దిగులంటే రేపటి గురించి. బెంగంటే దగ్గర లేని మనిషి గురించి. బెంగ దగ్గర ముగ్గురం ఆగిపోయాం. సెలవులైపోయి అమ్మమ్మ ఊరి నుంచి బస్సెక్కుతుంటే గొంతులో అడ్డం పడేది అదే కదా!

విచిత్రమేమిటంటే, 2013లో డీజే సెడ్రిక్ జర్వే డాన్స్ బీటుతో రీమిక్స్ చేశాకే ఆ పాట అమెరికాలో పెద్ద హిట్టయింది. ఆ రీమిక్స్‌కు గ్రామీ కూడా వచ్చింది. బెంగకు జనం చిందులేశారన్నమాట.

ఈ మాటల్లో నా ఉస్మానియా బిస్కెట్టు విరిగి చాయ్ అడుగుకు చేరింది. చెంచాతో తీసుకుని తిన్నాను.