భీమిలి తీరం నుంచి అనూరాధ, జ్యేష్ఠ

వైశాఖ బహుళ దశమి దాటాక రాత్రి తొమ్మిదింటికి భీమిలి తీరాన నిలబడి ఆగ్నేయంగా చూస్తే, సముద్రం మీది మసక పొరను దాటుకొని వృశ్చిక రాశి పైకి వస్తుంది. మన ఊరు విశాఖపట్నం పేరును తలపించే విశాఖ నక్షత్రం అప్పటికే కాస్త ఎత్తున ఉంటుంది. దాని వెనుక అనూరాధ, ఆ వెనుక ఎర్రగా జ్యేష్ఠ. మొన్న ఉప్పుగాలికి మసకబారిన బైనాక్యులర్ అద్దాలను చొక్కా అంచుతో మాటిమాటికీ తుడుచుకుంటూ నేను చూసినవి ఈ చివరి రెండింటినే.

పంచాంగంలో పక్కపక్కనే ఉన్నా విశాఖలోని ప్రకాశవంతమైన రెండు తారలకు వీటితో చుట్టరికం లేదు. అవి మనకు చాలా దగ్గరివి. అనూరాధ తారలు, జ్యేష్ఠ మాత్రం నిజంగానే ఒక కుటుంబం. ఇవి సుమారు 400 నుంచి 600 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. ఒకే వాయుమేఘ సముదాయం నుంచి పుట్టిన ఇటువంటి కుటుంబాలను ఓబీ అసోసియేషన్లు అంటారు. ఓ, బీ అనేవి అత్యంత వేడి గల నీలి నక్షత్రాల తరగతులు.

వీటిని గుంపు అనడం నాకు అంతగా నచ్చదు, ఎందుకంటే గుంపును కట్టి ఉంచే గురుత్వాకర్షణ బలం వీటి మధ్య చాలదు. 1947లో ఆర్మేనియా శాస్త్రవేత్త విక్టర్ అంబర్ట్సుమియన్ ఈ బలహీనత నుంచే గొప్ప నిర్ణయానికి వచ్చాడు: ఇంత వదులుగా ఉన్నవి గెలాక్సీ లాగుడుకు త్వరలోనే చెదిరిపోవాలి, ఇంకా చెదరలేదంటే ఇవి ఇటీవల పుట్టినవే, అంటే పాలపుంతలో నక్షత్రాల పుట్టుక నేటికీ ఆగలేదు.

సూర్యుడి ఆయుష్షు దాదాపు 1,000 కోట్ల ఏళ్లు కాగా, భారీ ఓ తరగతి నక్షత్రానికి కొన్ని పదుల లక్షల ఏళ్లే. సెకనుకు 10 కిలోమీటర్ల వేగంతో కోటి ఏళ్లు నడిచినా నక్షత్రం పుట్టినచోటి నుంచి 330 కాంతి సంవత్సరాలే జరుగుతుంది. పాలపుంతలో మెలితిరిగి ఉంటూ, నక్షత్రాలు పుట్టే చోటైన సర్పిల భుజం వెడల్పు ముందు అది ఏపాటి? అందుకే 1951లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్తలు మోర్గాన్, షార్ప్‌లెస్, ఆస్టర్‌బ్రాక్ ఈ నీలి తారలనూ, వాటి చుట్టూ వెలిగే వాయువునూ ఆనవాళ్లుగా పట్టుకొని, మనం లోపలే ఉండి చూడలేని పాలపుంత భుజాలను మన చుట్టుపక్కల మేరకు గుర్తించగలిగారు. తీరంలో నురుగు కూడా ఇంతే: బుడగలు క్షణాల్లో ఆరిపోతాయి కనుకనే అల ఎక్కడ విరుగుతోందో తెలుస్తుంది.

జ్యేష్ఠ కూడా మొదట్లో నీలి తారే. తోబుట్టువుల కన్నా ద్రవ్యరాశి ఎక్కువ కావడంతో ఇంధనాన్ని త్వరగా ఖర్చు చేసి, సుమారు కోటి ఏళ్లకే ఉబ్బి ఎర్రబడింది. ఎవరు పెట్టారో గాని, పేరు కుదిరింది. ఒకనాడు అది సూపర్‌నోవాగా పేలిపోతుంది. అప్పటికీ అనూరాధ తారలు కొన్ని నీలంగానే ఉండవచ్చు.