డోర్ మీద గీత, నాలుగు ఆదివారాలు

జూలైలో మా సెల్లార్‌లో ఉన్న సిల్వర్ కారుకు వెనక డోర్ మీద మూరెడు గీత పడింది. పై ఫ్లోర్ పిల్లాడు సైకిల్ బయటికి తీస్తుంటే బ్రేక్ లివర్ గీసుకుపోయింది. వాడే ఇంటికొచ్చి "సారీ అంకుల్" అన్నాడు. ఇంక ఎవరి మీద అరుస్తాం?

విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే "గీత ఒక్కదానికే పెయింట్ కొట్టరు సార్, డోర్ మొత్తం కొట్టాలి, మూడున్నర వేలు" అన్నాడు పెయింటర్. ఇన్సూరెన్స్‌కి వెళ్తే మన చేతి నుంచి కట్టే వెయ్యి అటుంచి, అయిదేళ్లు క్లెయిమ్ లేకుండా కూడబెట్టుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో వచ్చే తగ్గింపు, కాస్తా పోతుంది. అందుకే నేనే దిగాను.

మొదట డోర్ కడిగి, తడి మీదే చూశాను. గీతలో సగం నీళ్లకు మాయమైంది. అంటే అక్కడ రంగు పైనున్న పారదర్శక పొర, క్లియర్ కోట్ మాత్రమే గీసుకుంది. మధ్యలో గోరు జరిపితే అడ్డు తగులుతోంది, రంగు దాకా దిగింది. మొదలు దగ్గర మాత్రం బియ్యపు గింజంత మేర రేకే కనిపిస్తోంది. వానాకాలం కదా, అప్పటికే అక్కడ ఇటుక రంగు తేలింది.

తేలిక సగంతో మొదలుపెట్టాను. చుట్టూ మాస్కింగ్ టేప్ అంటించి, 2000 నంబర్ వాటర్ పేపర్‌ను (తడిపి రుద్దే సన్నటి గరుకు కాగితం) సబ్బునీళ్లలో నానబెట్టి, ఒకే వైపు మెల్లగా రుద్దాను. క్లియర్ కోట్ తల వెంట్రుక కన్నా పలచగా ఉంటుంది. రుద్దేటప్పుడు నీళ్లు పాలలా తెల్లగా వస్తే పర్వాలేదు, కారు రంగు వచ్చిందంటే పొర అయిపోయినట్టే. డోర్ మీద మడత ఉన్నచోట పొర ఇంకా పలచన, అందుకే అటు పోలేదు. "గిన్నెలు ఇంత శ్రద్ధగా తోమితే బాగుండేది" అంది అమ్మ. రుద్దిన చోటు మసకబారితే గుండె గుభేలుమంది కానీ, రబ్బింగ్ కాంపౌండ్‌తో పావుగంట పాలిష్ పట్టేసరికి మెరుపు తిరిగొచ్చింది. గీత లేదు. (టూత్‌పేస్ట్ చిట్కా కూడా చూశాను. ఆ రోజుకు బాగుంది, కారు కడగ్గానే గీత మళ్లీ హాజరు.)

లోతు గీతే ఏడిపించింది. ఇంజిన్ దగ్గర ప్లేట్ మీదున్న కలర్ కోడ్ చూపించి ఆటోనగర్‌లోనే 100 మి.లీ. పెయింట్ కలిపించుకున్నాను. తుప్పు గీకి, చుక్క ప్రైమర్ పెట్టి, ఆరాక అగ్గిపుల్ల మొనతో రంగు అద్దాను. పల్చటి పూతలు మూడు, ఒక్కోదానికీ మధ్య గంట. అంతా బాగానే ఉంది. రెండో ఆదివారం ఓపిక పట్టలేక, బయట ముసురు పడుతున్నా రంగు మీద వేసే పారదర్శక పూత, లక్కర్ వేశాను. పది నిమిషాల్లో అది మజ్జిగ చుక్కలా తెల్లబడిపోయింది. గాలిలో తేమ లక్కర్‌లోకి చేరితే అంతే. థిన్నర్ దూదితో తుడిస్తే లక్కర్‌తో పాటు నేను పెట్టిన రంగూ ఊడొచ్చింది. కంపెనీలో బట్టీలో కాల్చిన పెయింట్‌కు ఏమీ కాలేదు కానీ, నా వారం శ్రమ దూదికి అంటుకుంది.

మూడో ఆదివారం ఎండ కాసింది. మళ్లీ మొదటి నుంచి. అయితే కారును ఎండలో పెట్టలేదు, నీడలోనే. రేకు కాలిపోతుంటే పూత కింద ఆరకుండా పైనే గట్టిపడుతుంది. లక్కర్ వేసి వారం ముట్టుకోలేదు. నాలుగో ఆదివారం పిల్లల రబ్బరు ముక్కకు వాటర్ పేపర్ చుట్టి, ఉబ్బెత్తుగా ఉన్న పూతను చుట్టూ ఉన్న పెయింట్‌తో సమం చేసి, కాంపౌండ్ పట్టాను.

ఖర్చు తొమ్మిది వందల లోపే. నున్నగా ఉంది, వేలికి తగలదు. కానీ సిల్వర్‌లో అల్యూమినియం రేణువులుంటాయి. స్ప్రే గన్‌తో కొడితే అవి పడే తీరు వేరు, పుల్లతో అద్దితే వేరు. అందుకని సెల్లార్ లైట్ కింద కనిపించదు కానీ, పొద్దుటి ఎండలో పక్క నుంచి చూస్తే ఆ గింజంత చోటు కాస్త నల్లగా కనిపిస్తుంది. తెల్ల కారైతే ఈ బాధ ఇంత ఉండేది కాదు.

మిగిలిన పెయింట్ డబ్బా మూత బిగించి అటక మీద పెట్టాను. ముందు బంపర్ మీద ఇంకో గీత ఉంది. అది మాత్రం నా పనే.