రెండోసారి కూడా అదే చరణం

రాత్రి హెడ్‌ఫోన్స్‌లో మళ్ళీ ‘మిస్టర్ బ్రైట్‌సైడ్’. ఆ గిటార్ మొదలవగానే గుండె ఝల్లుమంటుంది, ఇన్నేళ్ళయినా! లాస్ వేగాస్ బ్యాండ్ ది కిల్లర్స్ 2003లో తెచ్చిన పాట. ప్రేమించిన అమ్మాయి మోసం చేసిందని తెలిశాక ఆ బ్యాండ్ గాయకుడు బ్రాండన్ ఫ్లవర్స్ రాసుకున్న బాధ. రెండో చరణానికి కొత్త మాటలు రాయలేదు, మొదటిదే మళ్ళీ పాడాడు. నాకు ప్రాణం అదే. దెబ్బతిన్న మనసు చేసేది అదే కదా, ఒకే దృశ్యాన్ని తిప్పి తిప్పి చూసుకోవడం. నేనూ ఒకప్పుడు ఒకే ఒక్క మెసేజ్‌ని తెల్లారేదాకా తెరిచి మూసి, తెరిచి మూసి చదివాను.

2004లో ఈ పాట బ్రిటన్ పాటల చార్ట్‌లో పదో స్థానం దాటి పైకి వెళ్ళలేదు. అయినా అక్కడి టాప్ 100లో 400 వారాలకు పైగా ఉంది! ఒక్కడి వేదనని వేలమంది గొంతు కలిపి పాడుతుంటే కళ్ళు చెమరుస్తాయి. ఇదిగో, మళ్ళీ మొదటినుంచీ పెట్టాను.