బోరు గాలి కొట్టిన రోజు

పొద్దున ఐదున్నరకే వాచ్‌మన్ ఫోన్. "సార్, బోరు గాలి కొడుతోంది." ఈ వేసవిలో ఈ మాట వినడం మూడోసారి.

అపార్ట్‌మెంట్ కట్టినప్పుడు నాలుగొందల అడుగుల్లోనే నీళ్లు పడ్డాయట. తర్వాత వేసిన రెండో బోరు వెయ్యి అడుగులు. మన హైదరాబాద్‌లో కాళ్ల కింద ఉన్నది గ్రానైటు; దాని పగుళ్లలోనే నీళ్లు. పగులు తగిలితే సరి, లేకపోతే పిండిలాంటి దుమ్ము. ఆ బోరు వేసిన రోజు దుమ్మంతా మొదటి అంతస్తు వాళ్లు ఆరేసిన బట్టల మీద పడి పెద్ద గొడవైంది.

నల్లా రోజు విడిచి రోజు. ఇవాళ రాని రోజు. ట్యాంకర్ సాయంత్రానికి గానీ రాదన్నారు. రెండు బకెట్లతో నలుగురి స్నానాలు ఎలా అని నాకు టెన్షన్. అమ్మకేమీ లేదు, పాలమూరు మనిషి. బియ్యం కడిగిన నీళ్లు సింకులో పొయ్యబోతుంటే చెయ్యి పట్టుకుంది. "పారబోస్తవారా? కరివేపాకు చెట్టుకు పొయ్యరాదూ!" ఫిల్టర్ పక్కనుంచి వచ్చే సన్న గొట్టం కింద బకెట్ పెట్టింది కూడా తనే. ఒక బిందె మంచినీళ్లు పట్టేలోపు రెండు బిందెలు అందులోంచి పోతున్నాయి. ఇన్నేళ్లుగా నేను చూడనే లేదు. అవి ఉప్పునీళ్లమ్మా, మొక్కలకు వద్దు అంటే, "ఇల్లు తుడవనీకి పనికిరావా?" అంది.

ఆఫీసు గురించి రాసేంత ఏం లేదు.

సాయంత్రం ట్యాంకర్ వచ్చింది, ఐదు వేల లీటర్లు. నీళ్లెక్కడివని అడిగితే డ్రైవర్ ఊరి బయటికి చెయ్యి చూపించి "అటు బోర్లు సార్" అన్నాడు. అక్కడ ఎవరి పొలం ఎండుతోందో!

రాత్రి సెల్లార్‌లో మీటింగ్. మూడో బోరు, పదిహేను వందల అడుగులు వేద్దామని అందరూ. ఇంకుడు గుంత సంగతేంటని అడిగాను. అందరూ నా వంకే చూశారు. మూడేళ్ల క్రితం దాన్ని పూడ్చి టైల్స్ వేద్దామంటే చెయ్యెత్తిన వాళ్లలో నేనూ ఉన్నాను మరి.

పైకొచ్చి లెక్క వేశాను. మా మేడ నాలుగొందల గజాలు, అంటే 334 చదరపు మీటర్లు. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన అనుకున్నా రెండున్నర లక్షల లీటర్లు దాటుతుంది. యాభై ట్యాంకర్లు! అదంతా పైపులోంచి రోడ్డు మీదికి పోయి, వానాకాలం మా సందు మలుపులో మోకాలి లోతున నిలుస్తోంది.

1908లో మూసీ ముంచేసిందని, మళ్లీ అలా కాకుండా 1920లో గండిపేట, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. ఊరు ఏళ్ల తరబడి ఆ నీళ్లే తాగింది. అవి చాలక ఇప్పుడు కృష్ణ నీళ్లను వంద కిలోమీటర్ల అవతల నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లను ఇంకా దూరంలోని ఎల్లంపల్లి నుంచి ఎత్తిపోసి తెస్తున్నారు. మా మేడ మీద పడ్డ నీళ్లను నాలుగు అంతస్తులు కిందికి దించుకోవడం మాత్రం మాకు చేతకాలేదు.

నిద్ర పట్టక కిందికి దిగాను. గుంత సరిగ్గా ఎక్కడుండేదని వాచ్‌మన్‌ని అడిగాను. టైల్స్ వేశాక పార్కింగ్ చీటీలు తీసి పంచుకున్నాం కాబట్టి నాకు గుర్తులేదు.

నవ్వాడు. "మీ కారు కిందే సార్."

కారు తీసి రోడ్డు మీద పెట్టి వచ్చాను.