శనివారం మాత్ర

2017లో ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ సీటొచ్చినప్పుడు నా వేళ్లు బాగానే ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి పొద్దున జడ వేసుకుందామంటే చేతులు పైకి లేచేవి కావు. బీఎడ్ కాలేజీలో బోర్డు మీద రాస్తుంటే చాక్‌పీస్ జారిపోయేది. రక్తపరీక్షలయ్యాక రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒక రకం కీళ్లవాతం అన్నారు. నాకప్పుడు 31. "ముసలోళ్ల జబ్బు నీకెందుకొచ్చిందే" అని అమ్మ ఏడ్చింది. చుట్టాలు వంకాయ మానెయ్యమన్నారు. మూడు నెలలు మానేశాను కూడా. నొప్పి అలాగే ఉంది, వంకాయ కూర మాత్రం కలలోకి వచ్చేది.

డాక్టర్ మెథోట్రెక్సేట్ అనే మాత్ర రాసి, "వారానికి ఒక్కసారే" అన్నచోట పెన్నుతో రెండుసార్లు చుట్టారు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పట. ఆదివారం రాత్రి వేసుకుంటే సోమవారమంతా కడుపులో తిప్పేది. గైడ్‌ని కలవాల్సింది సోమవారమే. మాత్ర శనివారానికి మార్చుకోవచ్చా అని డాక్టర్‌ని అడగడానికి నాకు ఏడాది పట్టింది. అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోయింది.

గైడ్‌కీ చెప్పలేదు. రోగిష్టిదానికి సీటెందుకిచ్చామా అనుకుంటారేమోనని భయం. కోర్సువర్క్ పరీక్షలో చివరి పేజీల్లో నా అక్షరాలు నాకే అర్థం కాలేదు, అయినా నోరు విప్పలేదు. 2019లో రీసెర్చ్ కమిటీ మీటింగ్‌కి పొద్దున తొమ్మిదింటికి వెళ్లలేకపోయాక అంతా చెప్పేశాను. ఆయన కాసేపు ఊరుకుని, "ముందే చెప్తే మధ్యాహ్నం పెట్టించేవాణ్ణి కదమ్మా" అన్నారు. ఆ రెండేళ్లు ఎవరి కోసం దాచానో ఇప్పటికీ తెలీదు.

నా అంశం మూడో తరగతి పిల్లలు వత్తుల దగ్గర ఎందుకు ఆగిపోతారన్నది. హనుమకొండ చుట్టుపక్కల ప్రాథమిక బడులకు వెళ్లి, పిల్లలతో పాటు కింద కూర్చుని, చదివించి రాసుకోవాలి. కూర్చోవడం తేలికే, లేవడమే కష్టం. ఒకరోజు గోడ పట్టుకుని తంటాలు పడుతుంటే, అంతసేపూ "స్వాతంత్ర్యం" దగ్గర తడబడిన పిల్ల లేచొచ్చి, "లేవనీకి వస్తలేదా మేడం?" అని చెయ్యందించింది. తర్వాత ఏ ఊరికి వెళ్లినా ముందు కుర్చీ అడిగేదాన్ని.

రాయడానికి వేళ్లు సహకరించనప్పుడు ఫోన్‌లో వాయిస్ టైపింగ్ మొదలుపెట్టాను. అది "పఠన స్థాయి" అంటే "పతన స్థాయి" అని రాసేది. నా అవస్థ దానికీ తెలిసిపోయిందేమో! ఎన్నిచోట్ల దిద్దానో లెక్కలేదు.

ఇంతలో కరోనా. నేను వేసుకునేది రోగనిరోధక శక్తిని తగ్గించే మందు కాబట్టి గడప దాటొద్దన్నారు. అటు ప్రాథమిక బడులూ 2021 సెప్టెంబరు దాకా తెరుచుకోలేదు. ఎటు చూసినా నా ఫీల్డ్‌వర్క్ ఆగిపోయింది.

2023కి పీహెచ్‌డీకిచ్చిన ఆరేళ్ల గడువు ముగిసింది. 40 శాతం కంటే ఎక్కువ వైకల్యం ఉంటే ఇంకో రెండేళ్లు ఇస్తారని విని, వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపుకి వెళ్లాను. మొదటి రోజంతా లైన్లో నిలబడ్డా నా వంతు రాలేదు. రెండోసారి వెళ్తే 30 శాతమని తేల్చారు. ఆ డాక్టర్ తప్పేం లేదు. నేను కనబడింది మధ్యాహ్నం, కీళ్లు సర్దుకున్నాక. పొద్దున ఆరింటికి మా వంటగదికి వచ్చి, నేను గ్యాస్ లైటర్ నొక్కడం చూస్తే లెక్క మారేది.

ఏడుపుమొహంతో యూనివర్సిటీ సెక్షన్‌కి వెళ్తే, అక్కడి అసిస్టెంట్ ఫైల్‌లోంచి తల ఎత్తకుండానే, "2016 యూజీసీ రూల్స్‌లో ఆ రెండేళ్లు లేడీస్‌కి కూడా ఉన్నాయి మేడం, చదవలేదా?" అన్నాడు. చదవలేదు. చదువు గురించి పరిశోధన చేస్తున్నదాన్ని, నా రూల్స్ నేనే చదువుకోలేదు.

2024లో థీసిస్ సబ్మిషన్. పొద్దున వేళ్లు వంగవు కాబట్టి సంతకాలన్నీ మధ్యాహ్నం భోజనమయ్యాకే పెట్టాను. సెక్షన్‌లో కాపీలు తిరగేసి, 2017 నాటి అడ్మిషన్ ఫారం పక్కన పెట్టి చూశాడు ఆ అసిస్టెంట్.

"మేడం, ఇది మీ సంతకమేనా?"

రెండూ చూశాను. పాతదాంట్లో చివరి అక్షరం కింద ఒక పొడుగాటి గీత ఉంది. అది నేనే గీసేదాన్నని గుర్తుకొచ్చింది. మళ్లీ గీయబోతే వేలు సగంలోనే ఆగింది. గైడ్ పెన్ను తీసుకుని పక్కన ధ్రువీకరించి, తన ముద్ర వేశారు.