మామిడిగడ టైమ్‌టేబుల్

పిల్లల ఊహాలోకం అనగానే పెద్దలకు రెక్కల గుర్రాలే గుర్తుకొస్తాయి. మా మనవరాలు ఊహించుకున్న మామిడిగడలో కోళ్లకు తప్ప దేనికీ రెక్కలు లేవు. ఉన్నవల్లా రైళ్లు, పన్నులు, ఒక తహసీల్దారు.

పర్లాకిమిడి పిల్ల కదా, బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. నౌపడా నుంచి మా ఊరి మీదుగా గుణుపురం వెళ్లే చిన్న రైలు 2004లో ఆగిపోయింది, తర్వాత పెద్ద లైను వేశారు. తను పుట్టకముందే పోయిన ఆ రైలు మామిడిగడలో ఇంకా నడుస్తోంది. తప్పు నాదే, ఆ కబుర్లన్నీ చెప్పింది నేనే.

టికెట్ల కిటికీ వెనక బతికినవాణ్ని కాబట్టి టైమ్‌టేబుల్ దిద్దమని నాకిచ్చింది. ఒకే లైను మీద ఎదురెదురుగా రెండు బండ్లు, మధ్యలో తప్పుకోవడానికి స్టేషనే లేదు!

"గుద్దుకుంటాయి కదమ్మా?"

"గుద్దుకోవు తాతయ్యా. రెండూ ఆగుతాయి. వీళ్లు దిగి అందులో, వాళ్లు దిగి ఇందులో ఎక్కుతారు. బండ్లు వెనక్కి వెళ్లిపోతాయి."

ఎంత వెతికినా తప్పు దొరకలేదు. గండి పడ్డ లైను దగ్గర రైల్వేవాళ్లు చేసేదీ ఇదే.

నార్నియా కథలు రాసిన సి.ఎస్. లూయిస్ చిన్నప్పుడు బెల్‌ఫాస్ట్‌లో అన్నతో కలిసి బాక్సెన్ అనే లోకం కట్టాడు. తమ్ముడిది మాటలాడే జంతువుల రాజ్యం. అన్నకు రైళ్లు, స్టీమర్లంటే ప్రాణం, అతని దేశం పేరు ఇండియా. రెండింటినీ కలపడానికి మన ఇండియాను ఉన్నచోటు నుంచి పెకలించి ద్వీపం చేసేశారు. హిమాలయాల వెనక సముద్రం! పెద్దయ్యాక ఇంగ్లిష్ రచయితలైన బ్రాంటీ పిల్లలైతే 1826లో తండ్రి తెచ్చిన కొయ్య సైనికులతో మొదలుపెట్టి యుద్ధాలు, రాజకీయాలు నడిపారు, ఆ బొమ్మల చేతికి సరిపోయేంత చిన్న పత్రికలు రాశారు. ఇలాంటి పిల్లలను పగటికలలు కంటున్నారని కసరడం నాకు నచ్చదు. ఇంత పరిపాలన చేసేవాళ్లకు కలలు కనే తీరిక ఎక్కడిది?

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా పట్నం ఇటు వచ్చింది, పక్కనున్న పాతపట్నం మద్రాసులోనే ఉండిపోయింది. మామిడిగడకూ సరిహద్దు ఉంది. పెళ్లిళ్ల నెలల్లో దాన్ని ఎత్తేస్తారు, చుట్టాలు ఇబ్బంది పడకూడదని.

పింఛనుదారుణ్ని, టికెట్టులో రాయితీ ఇవ్వమన్నాను. దరఖాస్తు ఒడియాలో, నకలు తెలుగులో పెట్టుకోమంది. పెట్టాను. తహసీల్దారు సెలవులో ఉన్నాడట.